లారీ డ్రైవరు నడుమును కాపాడే సీటు: మెత్తదనం కన్నా ముందు చూడవలసినవి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ బృందం బరువు లారీల కోసం డ్రైవరు సీటును కొత్తగా రూపొందిస్తోంది. ఇప్పుడున్న సీటు మీద డ్రైవర్ల నుంచి నడుమునొప్పి ఫిర్యాదులు ఆగడం లేదు. కుషన్‌లో ఫోమ్ మందం పెంచి, నడుము దగ్గర గట్టి ఉబ్బెత్తు ఒకటి పెడితే సరిపోతుందా, లేక సీటును గాలి సంచి మీద ఆనించే ఎయిర్ సస్పెన్షన్ పెట్టక తప్పదా, ఖర్చుకు హద్దు ఉన్నప్పుడు మొదట దేని మీద పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

నేరుగా చెబుతాను. ఫోమ్ మందం పెంచడం వల్ల నడుముకు మేలు జరగదు. చాలా లారీల్లో కీడే జరుగుతుంది. మొదటి ఖర్చు కూర్చునే కొలతల మీద, రెండోది తక్కువ పౌనఃపున్యం గల, అంటే సెకనుకు తక్కువ సార్లు ఊగే సస్పెన్షన్ మీద, మూడోది ఆ సస్పెన్షన్ అడుగుకు వెళ్లి కొట్టుకోకుండా ఆపే డ్యాంపర్ (ఊపును అణచే భాగం), రబ్బరు బఫర్ల (దెబ్బను మింగే దిమ్మల) మీద పెట్టండి. ఫోమ్, కవరు, లంబార్ (నడుముకు ఆనే) గాలిసంచి ఆ తరువాతివి. దూరప్రయాణాల లారీకైనా, గనుల్లో తిరిగే టిప్పర్‌కైనా ఈ వరుస మారదు. మారేదల్లా డ్యాంపర్ అమరిక, సస్పెన్షన్‌కు ఇచ్చే కదలిక పరిధి. వాణిజ్య వాహనాల సీట్ల డిజైను, రోడ్డు పరీక్షలు రెండూ చాలా ఏళ్లుగా నా పని కాబట్టి, ఈ వరుసకు కారణాలను కాస్త వివరంగానే రాస్తున్నాను.

కూర్చునే భంగిమతో మొదలుపెడతాను, ఎందుకంటే అత్యధికులు దీన్ని ఆఖరున చూస్తారు. నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్నెముక ముందుకు వంపు తిరిగి ఉంటుంది. కూర్చోగానే తుంటి దగ్గర మడత పడుతుంది. తొడ వెనుక కండరాలు బిగిసి కటివలయాన్ని (తుంటి ఎముకల చట్రాన్ని) వెనక్కి తిప్పుతాయి. దానితో పాటే నడుము వంపు చదునవుతుంది, కొందరిలో పూర్తిగా తిరగబడుతుంది. 1953లో కీగన్ అనే వైద్యుడు వేర్వేరు భంగిమల్లో ఎక్స్‌రేలు తీసి ఈ మార్పును స్పష్టంగా చూపించాడు. మొండేనికీ తొడకూ మధ్య కోణం సుమారు 135 డిగ్రీలు ఉన్నప్పుడు నడుము తన సహజమైన వంపుకు దగ్గరగా ఉంటుందని ఆయన తేల్చాడు. లారీ క్యాబిన్‌లో 135 డిగ్రీలు సాధ్యం కాదు, ఎందుకంటే డ్రైవరుకు రోడ్డు కనబడాలి, పెడల్ అందాలి, స్టీరింగ్ చేతిలో ఉండాలి. అయినా ఆ కోణాన్ని 90 దగ్గర వదిలేయకుండా 100 నుంచి 115 డిగ్రీల మధ్యకు తేగలిగితే తొడ వెనుక కండరాల లాగుడు తగ్గి, కటివలయం నిటారుగా నిలబడుతుంది. కారుతో పోలిస్తే లారీలో సీటు ఎత్తుగా ఉండి కాళ్లు కిందికి దిగుతాయి కాబట్టి ఈ పని లారీలోనే తేలిక. ఆ అవకాశాన్ని మనం వదులుకోకూడదు.

వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కులోని ఒత్తిడి కొలతలు కూడా ఇదే చెబుతాయి. 1999లో విల్కే బృందం ఒక వ్యక్తి నడుములోని నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్య డిస్కులో సెన్సార్ అమర్చి రోజువారీ పనుల్లో ఒత్తిడిని కొలిచింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్, వీపుకు ఆనుడు లేకుండా వదులుగా కూర్చున్నప్పుడు 0.46, కూర్చుని ముందుకు బాగా వంగినప్పుడు 0.83 వచ్చాయి. అంటే డిస్కును నలిపేది కూర్చోవడం కన్నా, కూర్చుని ముందుకు వంగి ఉండటం. వీపు వెనుక పలక వాలును పెంచినా, నడుముకు ఆనుడు ఇచ్చినా డిస్కు ఒత్తిడి తగ్గుతుందని 1970ల్లో స్వీడన్‌లో ఆండర్సన్ బృందం చేసిన కొలతలు అంతకుముందే చూపించాయి. మన డిజైను లక్ష్యం దీన్నుంచే వస్తుంది: డ్రైవరు పిరుదులు సీటు వెనుక అంచు దాకా వెళ్లి, వీపు పలకకు ఆని, గంటల తరబడి అక్కడే ఉండగలగాలి.

ఆ లక్ష్యాన్ని చెడగొట్టేవి సాధారణంగా చిన్న కొలతలే. కుషన్ లోతు ఎక్కువైతే పొట్టి డ్రైవరు మోకాలి వెనుక భాగానికి అంచు తగులుతుంది. ఆ ఒత్తిడి భరించలేక అతడు ముందుకు జరుగుతాడు. అప్పుడు వీపు పలక ఎంత గొప్పగా చేసినా అతడి నడుముకు అందదు. మోకాలి వెనుకకూ కుషన్ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. పొట్టివారికీ పొడుగువారికీ ఒకే లోతు కుదరదు కాబట్టి, కుషన్ ముందు భాగం జరిగేలా చేయడం డబ్బుకు తగిన ఫలితం ఇచ్చే మార్పుల్లో ఒకటి. కుషన్ ముందు అంచును గుండ్రంగా, మెత్తగా చేయండి. క్లచ్ తొక్కే ప్రతిసారీ ఎడమ తొడ ఆ అంచును కిందికి నొక్కాలి. అంచు గట్టిగా ఉంటే డ్రైవరు కాలిని ఎత్తి తొక్కుతాడు, ఎత్తిన ప్రతిసారీ కటివలయం ఒక పక్కకు మెలిపడుతుంది.

మీరు అనుకుంటున్న నడుము ఉబ్బెత్తు గురించి. అది ఉండాలి, కానీ గట్టిగా, ఒకే చోట బిగించి ఉండకూడదు. మనిషి కూర్చుని కుంగిన కుషన్ ఉపరితలం నుంచి సుమారు 15 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో, కటివలయం పై అంచుకు కొంచెం పైగా అది తగలాలి. వీపు పలక సాధారణ తలం నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకు వస్తే చాలామందికి సరిపోతుంది. ఎత్తూ లోతూ రెండూ మార్చుకోగలగాలి. అంతకన్నా ఎక్కువ పొడుచుకు వస్తే అది డ్రైవరు మొండేన్ని మొత్తంగా ముందుకు తోస్తుంది, భుజాలు పలకను వదిలేస్తాయి, పది నిమిషాల్లో అతడు కిందికి జారి ఉబ్బెత్తును పక్కటెముకల దగ్గరికి తెచ్చుకుంటాడు. అంతకన్నా ముఖ్యం, ఉబ్బెత్తు కింద పిరుదులకు వెనక్కి జరగడానికి గుంట ఉండాలి. వీపు పలక అడుగు భాగం చదునుగా ఉంటే పిరుదుల కండ ముందు తగిలి, నడుముకూ ఉబ్బెత్తుకూ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. ఫోమ్‌ను కొద్దిగా చెక్కి ఈ గుంట తీసిన తరువాత, లంబార్ యంత్రాంగం ఏదీ మార్చకుండానే డ్రైవర్ల అభిప్రాయం పూర్తిగా మారిపోయిన సీట్లను నేను చూశాను.

సీటును క్యాబిన్ నుంచి విడదీసి డిజైను చేయడం ఈ రంగంలో తరచుగా జరిగే లోపం. ఒక రవాణా సంస్థలో ఒకే నమూనా లారీలు నడిపే డ్రైవర్లు కుడి నడుము మీదే నొప్పి అనేవారు. సీటును ఎంత పరీక్షించినా తప్పు కనబడలేదు. చివరకు క్యాబిన్ నేల మీద సుద్దతో సీటు మధ్య గీత గీసి చూస్తే, స్టీరింగ్ మధ్య బిందువు ఆ గీతకు ఒక పక్కన ఉంది, యాక్సిలరేటర్, బ్రేక్ పెడళ్లు మరో పక్కన ఉన్నాయి. భుజాలు ఒక వైపు, కటివలయం మరో వైపు తిరిగి, డ్రైవరు ప్రయాణమంతా మెలితిరిగి కూర్చుంటున్నాడు. ఆ మెలిక మీద కంపనం కూడా కలిస్తే వెన్నెముక పడే బాధ, ఆ రెండూ విడివిడిగా ఉన్నప్పటికన్నా చాలా ఎక్కువ. సీటు పట్టాలను కొద్దిగా పక్కకు జరపడమే అక్కడ పరిష్కారమైంది. మీ డ్రాయింగ్‌లో సీటు, స్టీరింగ్, పెడళ్ల మధ్య గీతలు మూడూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఈ రోజే చూడండి. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరు ఎంత తిరగవలసి వస్తుందో కూడా చూడండి. సరైన అద్దాలు, వెనుక కెమెరా నడుమునొప్పి నివారణలో భాగమే.

ఇక కంపనం. కూర్చున్న మనిషి శరీరానికి నిలువు దిశలో ప్రధాన అనునాదం, అంటే ఊపు అన్నిటికన్నా పెరిగే చోటు, సుమారు 5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. క్యాబిన్ నేల సెకనుకు ఐదు సార్లు పైకీ కిందికీ ఊగితే మొండెం ఆ ఊపును తగ్గించదు, పెంచుతుంది. వెన్నెముక చుట్టూ ఉన్న కండరాలు ప్రతి ఊపుకూ బిగిసి, సరైన క్షణంలో బిగియలేక అలిసిపోతాయి. మనిషి మీద కంపన ప్రభావాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631-1 4 నుంచి 10 హెర్ట్జ్ ప్రాంతంలోని నిలువు కంపనాలకు అత్యధిక ప్రాధాన్యం ఇచ్చేది ఇందుకే. లారీలో స్ప్రింగుల మీద బండి ఊగేది సుమారు 1 నుంచి 3 హెర్ట్జ్ మధ్య. చక్రాలు ఎగిరేది 10 హెర్ట్జ్ దాటిన తరువాత. పొడవైన చాసిస్ వంగే కదలికా క్యాబిన్ తన బిగింపుల మీద ఊగే కదలికా వాటి మధ్యలో, సరిగ్గా మన శరీరం భరించలేని చోటికి వచ్చి చేరతాయి.

ఫోమ్ సీటు మీద మనిషి కూర్చుంటే ఆ రెండింటి ఉమ్మడి సహజ పౌనఃపున్యం (ఒకసారి కదిలించి వదిలితే తనంతట తాను ఊగే పౌనఃపున్యం) సుమారు 4 హెర్ట్జ్. ఏ స్ప్రింగైనా తన సహజ పౌనఃపున్యానికి 1.41 రెట్లు దాటిన తరువాతే కంపనాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది. ఆ లోపల పెంచుతుంది. కనుక ఫోమ్ సుమారు 5.6 హెర్ట్జ్ వరకు పెంచి, ఆపైన మాత్రమే తగ్గిస్తుంది. కాపాడవలసిన చోటే పెంచుతోందన్నమాట. మందమైన మెత్తటి ఫోమ్ చేతితో నొక్కితే హాయిగా అనిపిస్తుంది, షోరూంలో కూర్చున్నా హాయిగా ఉంటుంది. కంపనం మొదలైన తరువాత దాని అసలు గుణం బయటపడుతుంది. సంస్థ ఇచ్చిన సీటు గట్టిగా ఉందని డ్రైవర్లు పైన అదనపు దిండ్లు వేసుకున్న ఒక చోట మేము నేల మీదా సీటు మీదా కొలిస్తే, నేల మీదకన్నా సీటు మీదే కంపనం ఎక్కువ వచ్చింది. పైగా దిండు వల్ల కూర్చునే ఎత్తు పెరిగి తొడలు స్టీరింగ్‌కు తగలడం, తల ముందు అద్దం పై అంచుకు చేరడం వల్ల రోడ్డు చూడటానికి మెడ వంచడం, రెండూ వచ్చిపడ్డాయి. కుషన్ ఫోమ్ పని ఒత్తిడిని పిరుదుల కింద సమంగా పంచడం. దానికి మధ్యస్థమైన గట్టిదనం, మనిషి కూర్చున్నా అడుగు పలక తగలనంత మందం చాలు.

మరి ఎయిర్ సస్పెన్షన్ తప్పదా? బరువు లారీకి సస్పెన్షన్ తప్పదు. అది గాలిదై ఉంటే మంచిది. కారణం లెక్కలోనే ఉంది. మామూలు స్ప్రింగుతో 4 హెర్ట్జ్ రావాలంటే మనిషి బరువుకు అది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు కుంగితే చాలు. 1.5 హెర్ట్జ్ రావాలంటే 11 సెంటీమీటర్లు, 1 హెర్ట్జ్ రావాలంటే దాదాపు 25 సెంటీమీటర్లు కుంగాలి. అంత కుంగే సీటును ఏ క్యాబిన్‌లోనూ పెట్టలేము. గాలి సంచిలో పీడనం మార్చి, మెత్తదనం పోకుండానే సీటును ఒకే ఎత్తులో నిలపవచ్చు. అందుకే మంచి ఎయిర్ సీట్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య పనిచేస్తూ, 2 హెర్ట్జ్ దాటిన కంపనాలను తగ్గించగలుగుతాయి. రెండో లాభం డ్రైవరు బరువుది. శరీర బరువులో సుమారు మూడు వంతులు సీటు మీద పడతాయి, మిగిలిన నాలుగో వంతు కాళ్ల ద్వారా నేల మీదికి పోతుంది. 50 కిలోల మనిషికి సరిపోయే ఎత్తులో నిలిచే స్ప్రింగు 110 కిలోల మనిషి కూర్చుంటే అడుగుకు దిగిపోతుంది. స్ప్రింగు సీటులో దీనికోసం బరువు సరిచేసే మర ఉంటుంది, కానీ షిఫ్టు మారి కొత్త డ్రైవరు ఎక్కిన ప్రతిసారీ దాన్ని తిప్పేవారు అరుదు. గాలి సీటులో ఎత్తును తనంతట తాను సరిచేసుకునే వాల్వు పెట్టవచ్చు. బండిలో బ్రేకులకు గాలి కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి, గాలి కోసం అదనపు ఖర్చు మీరు భయపడుతున్నంత ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సస్పెన్షన్ ఉండటం వేరు, అది తన పరిధిలో పనిచేయడం వేరు. సస్పెన్షన్‌కు మొత్తం కదలిక సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే. మధ్యలో నిలిస్తే పైకి ఐదు, కిందికి ఐదు. పెద్ద గుంతలో బండి పడినప్పుడు అది అడుగుకు వెళ్లి లోహానికి లోహం కొట్టుకుంటే, ఆ ఒక్క దెబ్బ గంటల కంపనం కన్నా వెన్నుపూసల అంచులకు ఎక్కువ హాని చేయగలదు. రాళ్లు మోసే టిప్పర్లు నడిచే ఒక చోట, ఖరీదైన ఎయిర్ సీట్లు వేసిన తరువాత కూడా ఫిర్యాదులు పెరిగాయని మమ్మల్ని పిలిచారు. సీటు అడుగు తొడుగు విప్పి చూస్తే రబ్బరు బఫర్లు పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి, కత్తెర ఆకారపు లీవర్ల మీద బఫర్ పలక కొట్టుకున్న మెరిసే గుర్తులు వరుసగా ఉన్నాయి. డ్రైవర్లు కాళ్లు నేలకు బాగా ఆనాలని సీటును అడుగు దాకా దించి నడుపుతున్నారు. ఆ స్థితిలో కిందికి కదలడానికి చోటే లేదు. ఎత్తు సర్దుబాటూ సస్పెన్షన్ మధ్యస్థితీ ఒకదానికొకటి ముడిపడి ఉండటం డిజైను లోపం. డ్రైవర్ల తప్పు అందులో లేదు. ఎత్తు మార్చే యంత్రాంగాన్ని సస్పెన్షన్ నుంచి వేరు చేయండి. డ్రైవరు ఏ ఎత్తు ఎంచుకున్నా సస్పెన్షన్‌కు రెండు వైపులా సమంగా చోటు మిగలాలి. అది కుదరకపోతే, చివరి రెండు సెంటీమీటర్లలో క్రమంగా బిగుసుకునే పొడవైన బఫర్ పెట్టండి.

డ్యాంపర్ విషయంలో మధ్యేమార్గం వెతకాలి. మెత్తటి డ్యాంపర్ చదునైన రహదారి మీద కంపనాన్ని బాగా ఆపుతుంది, గుంతలో అడుగుకు కొడుతుంది. బిగుతు డ్యాంపర్ గుంతలో కాపాడుతుంది, రహదారి మీద ప్రతి చిన్న అదురునూ పైకి పంపుతుంది. డ్రైవరు మార్చుకునే మూడు నాలుగు మెట్ల డ్యాంపర్ ఉంటే మంచిదే, కానీ దాన్ని మార్చేవారు తక్కువ. చివరల దగ్గర మాత్రమే బిగిసే డ్యాంపర్ దొరికితే దాన్నే తీసుకోండి. విద్యుత్తుతో గట్టిదనం మారే అయస్కాంత ద్రవ డ్యాంపర్లు 1990ల చివరి నుంచి సీట్లలో ఉన్నాయి. 2010లో బోస్ సంస్థ లారీ సీటుకు విద్యుదయస్కాంత మోటారుతో పనిచేసే క్రియాశీల సస్పెన్షన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. నేల కదిలిన దిశకు ఎదురుగా సీటును కదిలించే ఆ పద్ధతి నిలువు కంపనాన్ని సాధారణ ఎయిర్ సీటుకన్నా బాగా తగ్గిస్తుంది. బరువు, ధర, విద్యుత్తు మూడూ ఎక్కువ కావడం వల్ల మీరు చెప్పిన పరిమితిలో దాన్ని సూచించలేను.

ముందు వెనుకల కదలికను మరిచిపోవద్దు. ముందు ఇరుసు మీదే క్యాబిన్ ఉన్న లారీల్లో బండి ముక్కు ఎత్తి దించుతున్నప్పుడు, నేలకు ఎత్తుగా కూర్చున్న డ్రైవరుకు అది ముందుకూ వెనక్కూ ఊపుగా అందుతుంది, వీపు పలక ప్రతిసారీ వీపు మీద చరుస్తుంది. ఐఎస్ఓ 2631-1 ఆరోగ్యపరంగా లెక్కించేటప్పుడు ముందు వెనుకలకూ పక్కలకూ వచ్చే కంపనాలను 1.4తో గుణిస్తుంది కూడా. సీటుకు ముందు వెనుకల కొద్దిగా జరిగి ఊపును ఆపే ఐసొలేటర్ పెట్టి, అవసరం లేనప్పుడు బిగించే లాక్ ఇవ్వండి. క్యాబిన్‌కే నాలుగు మూలలా సస్పెన్షన్ ఉంటే ఈ సమస్య సగం అక్కడే తీరుతుంది. సీటు బృందం, క్యాబిన్ బృందం ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన చోట్లలో ఇదొకటి.

సీటు బెల్టు గురించి చాలామంది ఆలోచించరు. బెల్టు క్యాబిన్ స్తంభానికి బిగించి, సీటు మాత్రం పైకీ కిందికీ ఊగుతుంటే, ప్రతి ఊపుకూ బెల్టు బిగిసి భుజాన్ని కిందికి లాగుతుంది. డ్రైవరు ఒక వైపు ఒరిగి కూర్చుంటాడు, లేదా బెల్టునే తీసేస్తాడు. బెల్టు మూడు బిందువులూ సీటు మీదే ఉండాలి. అప్పుడు ప్రమాద సమయంలో డ్రైవరు బరువు మొత్తం సస్పెన్షన్ ద్వారా నేలకు చేరుతుంది కాబట్టి, ఐక్యరాజ్యసమితి 14వ నిబంధనలోని బెల్టు బిగింపుల బలపరీక్షను దృష్టిలో పెట్టుకుని లీవర్లనూ, పట్టాలనూ మొదటి నుంచే అందుకు తగ్గట్టు లెక్క వేసుకోవాలి. తరువాత కలుపుదామనుకుంటే సీటు మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది.

సర్దుబాట్ల గురించి నా అనుభవం ఇది: చేయి అందని మీట లేనట్టే లెక్క. ఒక సీటులో లంబార్ మరను తలుపు వైపు పెట్టారు. డ్రాయింగ్‌లో బాగానే ఉంది. తలుపు మూశాక సీటుకూ తలుపుకూ మధ్య అరచేయి దూరలేదు. వేళ్ల కొసలతో మరను పట్టుకోగలిగినా తిప్పలేకపోయేవారు. పరీక్షకు పిలిచిన డ్రైవర్లలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, ఎందుకు ముట్టుకోలేదని అడిగితే అదేదో బిగింపు నట్టు అనుకున్నామన్నారు. మీటలన్నీ ముందు అంచున, తొడ పక్కన, చూడకుండా చేత్తో తడిమితే తెలిసేలా వేర్వేరు ఆకారాల్లో పెట్టండి. కుషన్ పక్కలనూ వీపు పక్కలనూ పందెం కారు సీటులా ఎత్తుగా పెంచవద్దు. లారీ డ్రైవరు గంటల తరబడి కూర్చుంటాడు కాబట్టి బరువును ఒక పిరుదు మీది నుంచి మరో దాని మీదికి మార్చుకోవాలి, ఎక్కి దిగేటప్పుడు అంచు అడ్డు రాకూడదు. కదలడానికి వీలున్న సీటే నడుముకు మంచిది.

సీటు చేయలేనివి ఏమిటో కూడా మీ నివేదికలో రాయండి, లేకపోతే యాజమాన్యం మీ నుంచి అసాధ్యమైనది ఆశిస్తుంది. 1975లో కెల్సీ, హార్డీ ప్రచురించిన అధ్యయనంలో లారీ నడపడమే వృత్తిగా ఉన్న పురుషులకు డిస్కు జారే ముప్పు మిగిలినవారికన్నా దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. దీనికి ఎదురుగా 2002లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫిన్లాండ్ కవలల అధ్యయనం ఉంది. ఒకేలా పుట్టిన 45 జంటల పురుషులను తీసుకుని, ఒకరు జీవితకాలంలో చాలా ఎక్కువగా వాహనాలు నడిపినవారు, మరొకరు తక్కువ నడిపినవారు అయినప్పుడు, ఎంఆర్‌ఐలో డిస్కుల అరుగుదలలో తేడా కనబడలేదు. ఈ రెండింటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది, డ్రైవరు నొప్పిని డిస్కు అరుగుదల ఒక్కదానికే ముడిపెట్టకూడదని. కండరాల అలసట, కీళ్లు, నరాలు, సరుకు ఎత్తడం, నిద్రలేమి, క్యాబిన్ నుంచి దూకడం, అన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యంగా, గంటల తరబడి కూర్చున్నాక నడుము వెనుక స్నాయువులు సాగి వదులుగా ఉంటాయి. ఆ స్థితిలో దిగీ దిగగానే బరువు ఎత్తడం ప్రమాదకరం. కొన్ని నిమిషాలు నడిచిన తరువాతే ఎత్తాలి. మెట్లు, పట్టుకునే కడ్డీలు సరిగా ఉండి, డ్రైవరు క్యాబిన్‌కు ముఖం పెట్టి దిగేలా చేయడం సీటు బృందం పని కాకపోయినా, అడగవలసింది మీరే.

మీ సీటు బాగుందో లేదో చెప్పేది కొలత. ఐఎస్ఓ 10326-1 చెప్పే పద్ధతిలో పలుచటి డిస్కు లాంటి త్వరణ సెన్సార్‌ను కుషన్ మీద డ్రైవరు కింద పెట్టి, మరొకదాన్ని సీటు అడుగున నేల మీద బిగించండి. పౌనఃపున్య భారాలు వేసిన తరువాత (అంటే శరీరం ఎక్కువగా భరించలేని పౌనఃపున్యాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాక) సీటు మీది విలువను నేల మీది విలువతో భాగించి నూటితో గుణిస్తే సీటు ప్రసార శాతం వస్తుంది. 100కు పైన వస్తే సీటు కంపనాన్ని పెంచుతోందని అర్థం. బరువు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్న ముగ్గురితో, ఖాళీ లారీతోనూ నిండు లారీతోనూ కొలవండి. ఖాళీ లారీలోనే కంపనం ఎక్కువ, ఆ పరీక్షను వదిలేసేవారే ఎక్కువ. లక్ష్యంగా ఐరోపా సమాఖ్య 2002/44 ఆదేశంలోని అంకెలు పెట్టుకోవచ్చు. 8 గంటల పనికి సరితూచిన త్వరణం 0.5 మీ/సె² దాటితే యజమాని చర్యలు మొదలుపెట్టాలి, 1.15 దాటనే కూడదు. సీటు మీద 0.8 మీ/సె² వచ్చే లారీని నడిపే డ్రైవరు మూడు గంటలు దాటిన కొద్దిసేపటికే ఆ మొదటి అంకెను చేరిపోతాడు. దీనితో ఆగకండి. సగటు త్వరణం దెబ్బలను దాచేస్తుంది. త్వరణాన్ని నాలుగో ఘాతంతో లెక్కించే కంపన మోతాదు విలువను కూడా తీయండి. అందులో త్వరణం రెట్టింపైతే అనుమతించే సమయం పదహారో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన టిప్పర్లలో సగటు త్వరణం ఫరవాలేదనిపించింది, సమస్యను పట్టించింది ఈ రెండో విలువే.

ఆ కొలతలను సీటు కొత్తగా ఉన్నప్పుడు ఒకసారి, ఏడాది వాడకం తరువాత మరోసారి తీయండి. ఫోమ్ కుంగుతుంది, డ్యాంపర్ నూనె కారుతుంది, కత్తెర లీవర్ల కీళ్లలోని బుష్‌లు అరిగి సీటు పక్కలకు ఊగుతుంది. డ్రైవరు రోజూ కొద్దికొద్దిగా మారేదాన్ని గమనించడు. బఫర్లు, బుష్‌లు, డ్యాంపర్ మూడూ సీటు విప్పకుండా మార్చగలిగేలా పెడితే వర్క్‌షాపు వాళ్లు మారుస్తారు. విప్పవలసి వస్తే మార్చరు.

ప్రస్తుతం మీ సీటుకు ఎంత సస్పెన్షన్ కదలిక ఉందో, ముందు ఇరుసు డ్రైవరుకు ముందుందో కిందుందో మీ ప్రశ్నలో లేదు. ఆ రెండూ, ఖాళీ లారీ మీద నేల, సీటు రెండు చోట్ల తీసిన త్వరణ గ్రాఫులూ ఇక్కడ పెడితే, డ్యాంపర్ ఏ బిగుతుతో మొదలుపెట్టాలో, బఫర్ ఎంత పొడవు ఉండాలో లెక్క వేసి చెబుతాను.